గోధుమ లేని వినాయకుడు

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలెవరైనా "మీరేం పని చేసేవారు తాతా?" అని అడిగితే, నేను గొంతు సవరించుకొని "క్వాలిటీ కంట్రోల్ ఆఫీసర్" అంటాను. అన్నాక కాస్త ఆగుతాను, విన్నవాళ్ళు కాళ్ళు సర్దుకొని మర్యాదగా కూర్చోవడానికి వీలుగా. దక్షిణ భారతదేశంలో పిల్లల రంగుముద్దల నాణ్యత మీద నా మాటే ఆఖరు మాటగా ఉండేదని కూడా చెబుతాను. ఎదుటివాళ్ళ ముఖం చూసి, నమ్ముతున్నారనిపిస్తే ఇంకో రెండు రాష్ట్రాలు కలుపుతాను.

ఇది చదివేవాళ్ళ ముఖాలు నాకు కనపడవు కాబట్టి నిజం చెప్పేస్తాను. హిందూపురంలో రైలు పట్టాలకు అవతల ఒక రేకుల షెడ్డు. అందులో పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తటి రంగుముద్దలు తయారయ్యేవి. వాటిని తూకం వేసి, డబ్బాలో పెట్టి, మూత గట్టిగా నొక్కడం నా పని. ఒకసారి ఎవరో ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తాడని పుకారు పుడితే, మా యజమాని హడావుడిగా ఆ హోదా పేరుతో ఒక చెక్క బోర్డు రాయించి నా బల్ల మీద పెట్టించాడు. ఇన్‌స్పెక్టరు రాలేదు. బోర్డు పోలేదు. బోర్డు ఉన్న బల్ల మీదికే ఫోను కూడా చేరింది. అట్లా నేను ఆఫీసర్నయ్యాను.

ఆ ఫోను ఒకనాడు పొద్దున మోగింది.

"సార్, క్వాలిటీ వాళ్ళేనా?"

"ఆఫీసర్నే మాట్లాడుతున్నానమ్మా."

"ధర్మవరం నుంచి మాట్లాడుతాండా సార్. మా పాప రెండో తరగతి. వాళ్ళ స్కూలుకు మీ రంగుముద్దలే వస్తాయంట. వాటిల్లో గ్లూటెన్ ఉంటాదా సార్?"

ఆ మాట నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. వినలేదని ఆఫీసరు ఎట్లా ఒప్పుకుంటాడు? అదేదో మందో, రసాయనమో అయి ఉంటుందనుకున్నాను. మంచిదైతే "ఉంటుందా" అని అంత భయంగా అడగరు కదా. కుర్చీలో వెనక్కి వాలి ధైర్యంగా చెప్పాను.

"అమ్మా, గ్లూటెన్ అనేదాన్ని మా గేటు దాటనీయం. నేను చేరినప్పటి నుంచి ఒక్క గ్రాము కొన్నది లేదు."

"అబ్బ! మంచి మాట చెప్పినారు సార్. మరి ముద్దలు దేంతో చేస్తారు?"

"మైదామ్మా! ప్యూర్ మైదా. అందులో కల్తీ ఉంటే నన్నడుగు."

అవతల ఆమె మెల్లగా, నన్ను నొప్పించకుండా అంది:

"గ్లూటెన్ ఉండేదే మైదాలో కదా సార్."

నేను రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టి చుట్టూ చూశాను. ఎవరూ వినలేదు. ఆ పూటకు అదొక్కటే నా అదృష్టం.

ఆమె ఓపిగ్గా చెప్పింది. గోధుమలో, మైదాలో, రవ్వలో ఉండే జిగురుకే ఆ పేరట. చపాతీ సాగడానికి అదే కారణమట. వాళ్ళ పాపకు అది పడదు. చపాతీ తునక ఒకటి లోపలికి పోయినా కడుపు పట్టుకొని మెలికలు తిరుగుతుంది, రోజుల తరబడి తిండి ఒంటబట్టదు. జబ్బేమిటో బెంగళూరు డాక్టర్లు తేల్చేలోపల పిల్ల తన ఈడు పిల్లలకంటే జానెడు పొట్టిగా మిగిలిపోయింది. ముద్దను ముట్టుకుంటే ఏమీ కాదని, నోట్లోకి మాత్రం పోకూడదని డాక్టరు చెప్పాడు. పాపకేమో గోళ్ళు కొరికే అలవాటు.

"అందుకని సార్, బొమ్మల క్లాసు జరిగేటప్పుడు మా పాపను వాకిలి పక్కన ఆయమ్మ దగ్గర కూర్చోబెడతారు. ఈమె ఒక్కతే కాగితాలు కత్తిరించుకుంటా ఉంటాది. ఇప్పుడు వినాయక చవితికి ముందు క్లాసులో అందరూ ఎవరి వినాయకుణ్ణి వాళ్ళు చేయల్లంట. ఈమె తిండి మానేసి కూర్చుండాది, నేనూ చేస్తానని."

"మట్టి ఇప్పించమ్మా పాపకు. బంకమట్టిలో గోధుమ ఎట్లా ఉంటుంది?"

"మట్టి అయితే యూనిఫాం పాడైతాదని స్కూల్లో ఒప్పుకోరు సార్. పోనీ నీకొక్కదానికే అడుగుతామంటే ఈమె ఒప్పుకోదు. అందరిదీ ఏదో నాదీ అదే కావల్ల అంటాంది. అయినా పక్కన పిల్లలంతా మైదా పిసుకుతా ఉంటే, ఈమె చేతిలో మట్టి ఉండి ఏం లాభం? టీచరమ్మ మంచామె. మీరు గోధుమ లేని ముద్ద ఇస్తే క్లాసుకంతా అదే ఇస్తానంది. లేదంటే ఈసారికి కూడా వాకిలి పక్కనే."

ఈ సంగతి యజమానికి చెప్పాను. ఆయన హిందూపురం వ్యాపారుల కుటుంబంలో పుట్టినవాడు. ఇంట్లో కన్నడం, అంగట్లో తెలుగు, కోపం వస్తే రెండూ. అంతా విని కళ్ళు మెరిపించాడు.

"ఏమప్పా ఆఫీసరూ, గ్లూటెన్ ఫ్రీ అంటే బెంగళూరులో ఎగబడి కొంటాండారంట. డబ్బా మీద స్టిక్కర్ ఎయ్యి."

"లోపల మైదా ఉంది సార్."

"లోపల ఏముండాదో డబ్బా చెప్తాదా? ముద్ద ఎవరన్నా తింటారా ఏమప్పా?"

"ఆ పాప గోళ్ళు కొరుకుతుంది సార్."

ఇక్కడ నేను బల్ల గుద్ది, రాజీనామా కాగితం ఆయన ముఖాన విసిరి, "ఒక పసిబిడ్డ ప్రాణంతో వ్యాపారమా!" అని గర్జించానని చాలామందికి చెప్పాను. మా మనవరాలికైతే ఆ గర్జన చేసి కూడా చూపించాను. నిజానికి ఆ "కొరుకుతుంది సార్" అన్నది కూడా గొంతు దాటీ దాటకుండా వచ్చింది. ఆయనే తల గోక్కొని, కిటికీలోంచి కాసేపు బయటికి చూసి, "సరే, గోధుమ లేకుండా చేసి చూడండప్పా. కుదిరితే నా ఐడియా, కుదరకపోతే నీది" అన్నాడు. ఆయనకూ ఒక మనవరాలుంది.

ఆ తల్లి ఇంకో పని కూడా నాకే అప్పగించింది. క్లాసు బీరువాలో ఉన్న క్రేయాన్లు, నీళ్ళ రంగులు, జిగురు సీసా, అన్నిటి ఫోటోలూ పంపి, "మీరు ఆఫీసరు కదా సార్, మీరడిగితే చెప్తారు" అంది. ఆ కంపెనీలకు ఫోన్లు చేశాను. ఒకచోట ఒక యంత్రం హిందీలో నాకు చాలాసేపు పాట వినిపించింది. ఇంకోచోట ఒక కుర్రవాడు నా ప్రశ్న పూర్తిగా వినకుండానే "సార్, మా క్రేయాన్స్ హండ్రెడ్ పర్సెంట్ వెజిటేరియన్" అన్నాడు.

"గోధుమ కూడా వెజిటేరియనే కదా నాయనా."

"అవును సార్, కంగ్రాచులేషన్స్ సార్" అని పెట్టేశాడు.

చివరికి ఒక కంపెనీలో పెద్దామె ఎవరో దొరికి, క్రేయాన్లన్నీ మైనమేనని, జిగురులో గోధుమ గంజి లేదని, కావాలంటే కాగితం మీద రాసి పంపుతానని చెప్పింది. పంపింది కూడా. రంగుల కంపెనీ మాత్రం ఎటూ చెప్పలేదు. తెలియనిదాన్ని తీసి పక్కన పెట్టమని టీచరమ్మకు చెప్పించాను. నా ఆఫీసరు జీవితంలో నేను తీసుకున్న అసలైన నిర్ణయం బహుశా అదొక్కటే.

ఇక ముద్ద సంగతి. మా షెడ్డులో పిండి కలిపే అక్క ఒకామె ఉండేది. ఆమె చేతులకు ఎప్పుడూ ఏదో ఒక రంగు. సోమవారం పచ్చ చేతులతో పోయి మంగళవారం ఎర్ర చేతులతో వచ్చేది. విషయం చెప్పగానే "రాగిపిండితో చేద్దామన్నా" అంది. చేశాం. ఎరుపు కలిపితే మేక కార్జం రంగొచ్చింది. పసుపు కలిపితే చెప్పరాని రంగొచ్చింది. అక్క ఆ ముద్దను అరచేతిలో పెట్టుకొని చూసి, "దీంతో వినాయకుణ్ణి చేస్తే పూజ చేయరన్నా, మధ్యలో గుంత పెట్టి పప్పు పోసుకుంటారు" అంది. షెడ్డులో అందరూ నవ్వారు. యజమాని తొంగి చూసి "ఇది నీ ఐడియానే కదప్పా" అని వెళ్ళిపోయాడు.

బియ్యప్పిండితో చేస్తే ఎండిన చెరువులా పగుళ్ళిచ్చింది. మొక్కజొన్న గంజిపొడి కలిపితే వేళ్ళకు అంటుకొని వదల్లేదు. రెండు రోజులు అదే తంతు. మూడోనాడు అక్క సంచి కింద పెడుతూనే అంది:

"మనకు బుద్ధి లేదన్నా. పిండిని చన్నీళ్ళతో పిసుకుతాండాము. కుడుములు ఎట్ల చేస్తాము? నీళ్ళు మరిగిచ్చి, ఉప్పు, నూనె ఏసి, పిండి పోసి ఉడికిచ్చి కదా చేసేది?"

అంతే. మరిగే నీళ్ళలో బియ్యప్పిండి, మొక్కజొన్న పొడి పోసి తిప్పితే నున్నగా, చెవితమ్మెలా మెత్తటి ముద్ద వచ్చింది. రంగు కూడా బాగా పట్టింది. వినాయకుడు తినే కుడుముల పిండితో వినాయకుణ్ణే చేయబోతున్నామన్నమాట. ఈ ఆలోచన నాదేనని చాలాకాలం చెప్పుకున్నాను. కాదు.

నేను రోజూ పెనుకొండ నుంచి హిందూపురానికి వచ్చిపోయేవాణ్ణి. అంగట్లో పొట్లం పిండి వద్దు, దాంట్లో ఏం కలుపుతారో ఏమో అని, బియ్యం మా ఊళ్ళో నా స్నేహితుడి పిండిమిల్లులో నేనే దగ్గరుండి ఆడించుకొస్తానన్నాను. కొత్త బియ్యం కొన్నాను. రాళ్ళు ఏరాను. కడిగి, ఆరబోసి, కాకుల్ని తోలాను. మిల్లు దగ్గర ఆడవాళ్ళు వరసగా సంచులు పెట్టుకొని నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే స్నేహితుడు "ఆఫీసరు వచ్చినాడు, జరగండమ్మా" అని నా డబ్బాను ముందుకు లాగి మిషన్‌లో పోశాడు. నేను ఛాతీ విరుచుకొని నిలబడ్డాను. మిల్లు మూతికి కట్టిన గుడ్డగొట్టాన్ని అతను కర్రతో రెండు తట్లు తట్టాడు. తెల్లటి పిండి పడింది. ఎంత తెల్లగా ఉందో!

ఆ పిండితో అక్క పచ్చముద్ద ఒకటి, పసుపుముద్ద ఒకటి చేసిచ్చింది. చవితి సెలవు ముందు రోజు స్కూల్లో బొమ్మల క్లాసు. దానికి రెండు రోజుల ముందు ఆ ముద్దలు డబ్బాలో పెట్టుకొని ధర్మవరం రైలెక్కాను.

వాళ్ళది పట్టుచీరల వ్యాపారం. వీధి వైపు అంగడి, లోపల మగ్గాలు, మగ్గాలకు వెనక ఇల్లు. పాప తల్లి ఎదురొచ్చి కుర్చీ వేసింది. పాప అవ్వ చీరల మడతలు సర్దుతూ "రా నాయనా, కాపీ తాగు" అంది. కొనడానికి వచ్చిన ఒకామె చీరలు ముందరేసుకొని కూర్చొని ఉంది. పాప నా ఎదురుగా వచ్చి నిలబడింది. సన్నగా, రెండు జడలతో, చేతులు వెనక్కి కట్టుకొని. పలకరించలేదు. నవ్వలేదు. డబ్బా మూత తీసి చూపించాను. కళ్ళు ఒక్కసారి మెరిశాయి గానీ చెయ్యి మాత్రం చాపలేదు.

"తాతా, ఇది దేంతో చేసినారు?"

"బియ్యప్పిండమ్మా."

"బియ్యం యాడ ఆడిచ్చినారు?"

"పెనుకొండలో. మా స్నేహితుడి మిల్లు."

"మీకంటే ముందు ఎవరు ఆడిచ్చుకున్నారు?"

పిల్లలూ, నా ఉద్యోగ జీవితంలో నన్ను ఎవరూ అంత సూటిగా ప్రశ్నించలేదు. ఆ క్షణంలో నా కళ్ళముందు మిల్లు దగ్గరి వరస మొత్తం కనపడింది. నా ముందు ఒకామె గోధుమ సంచి. నా వెనక ఇంకొకామె గోధుమ సంచి. మధ్యలో నేను, ఛాతీ విరుచుకొని. మా ఊళ్ళ మిల్లుల సంగతి మీకు తెలియనిదేముంది? ముందువాళ్ళ పిండి గుప్పెడు మన డబ్బాలోకి వస్తుంది, మన పిండి గుప్పెడు వెనకవాళ్ళ డబ్బాలోకి పోతుంది. దానికెవరూ తగాదా పడరు. ఆ గుప్పెడు గురించి నేను పుట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

అప్పుడైనా నోరు మూసుకోవలసింది. మూసుకోలేదు.

"నాకు ముందు ఎవరూ లేరమ్మా. నీకోసం మిల్లంతా కడిగించాను. రాళ్ళకు పసుపు రాయించి, కొబ్బరికాయ కొట్టించి, ఆ తర్వాతే బియ్యం పోయించాను."

పాప నన్ను కింది నుంచి మీదికి చూసింది. "అమ్మా, పుల్ల తీసుకురా" అంది.

బెంగళూరు నుంచి తెప్పించుకున్న పరీక్షపుల్లలు వాళ్ళింట్లో ఉన్నాయి. తల్లి ఆ ముద్దలోంచి చిటికెడు తీసి, చిన్న సీసాలోని నీళ్ళలో కలిపి, పుల్లను అందులో ముంచింది. ఒక గీత వస్తే గ్లూటెన్ లేనట్టు, రెండు వస్తే ఉన్నట్టు. అందరం ఆ పుల్ల చుట్టూ మూగాం. ఒక గీత వచ్చింది. నేను మీసం మీద చెయ్యి వేశాను. ఆ చెయ్యి అక్కడ ఉండగానే రెండో గీత కూడా వచ్చింది.

చీరలు చూస్తున్నామె తల పైకెత్తింది. "ఏమక్కా, రెండు గీతలా! శుభమేనా? ఎవరికి?"

అవ్వ ఏమాత్రం తడుముకోకుండా నా వైపు చెయ్యి చూపించింది. "ఈయప్పకే!"

మగ్గాల దగ్గర నేసేవాళ్ళు కూడా పని ఆపి నవ్వారు. పాప ఒక్కతే నవ్వలేదు. డబ్బా మూత పెట్టి, జాగ్రత్తగా నొక్కి, నా చేతికిచ్చింది. "అందరూ ఇట్లే చెప్తారులే తాతా" అంది. కోపంగా కూడా అనలేదు. పెళ్ళి విందుల్లో వంటవాళ్ళు, బస్సులో బిస్కెట్టు ఇచ్చినవాళ్ళు, "ఏమీ కాదులేమ్మా" అన్న చుట్టాలు, ఇప్పుడు నేను. వెళ్ళి గడప మీద కూర్చొని గోరు కొరకడం మొదలుపెట్టింది.

నాకు తల తీసేసినట్టయింది. మిల్లు సంగతి మొత్తం చెప్పేశాను. గోధుమ సంచుల సంగతి, స్నేహితుడు నన్ను ముందుకు లాగిన సంగతి, కొబ్బరికాయ లేని సంగతి. ఆ ఊపులో బోర్డు ఎట్లా వచ్చిందో, నా అసలు పని మూతలు నొక్కడమని కూడా చెప్పాను. అంతవరకు చెప్పాల్సిన అవసరం లేదని తర్వాత అనిపించింది.

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవ్వ మాత్రం, "ఒప్పుకున్నావు కదా నాయనా, చాలా మంది ఒప్పుకోరు. ఈ పాపకోసమే ఇంట్లో చిన్న పిండిమిషన్ పెట్టినాము. గోధుమ దాని ముఖం చూసింది లేదు. బియ్యం ఈడనే ఆడిద్దాము" అంది.

"మన ముద్ద కలిపేది యాడ?" అని పాప గడప మీద నుంచే అడిగింది. "వాళ్ళ ఫ్యాక్టరీ అంతా మైదానే కదా."

అదీ నిజమే. మా షెడ్డులో గిన్నెలు, బల్లలు, ఫ్యాను రెక్కలు, చివరికి సాలెగూళ్ళ మీద కూడా మైదా. అక్కకు ఫోన్ చేశాను. "అన్నా, రేపు పొద్దున బండికి వస్తాండా. ఉతికిన చీర కొత్త సంచిలో పెట్టుకొని ఆడ కట్టుకుంటా" అంది. యజమానికి చెబితే కన్నడంలో ఏదో అని, తర్వాత తెలుగులో "పో అప్పా, పో. ఫ్యాక్టరీని కూడా ఎత్తుకొని పో" అన్నాడు. అంటే సరేనన్నట్టు.

ఆ రాత్రి పెనుకొండకు వచ్చి, పొద్దున్నే మళ్ళీ ధర్మవరంలో దిగాను. వంటింట్లోకి పోబోతే పాప అడ్డం నిలబడింది.

"తాతా, ఈ చొక్కా ఏసుకొనే ఫ్యాక్టరీలో పని చేస్తారా?"

జేబు తిరగేసి చూసుకున్నాను. మడతలో తెల్లటి పొడి. ఆఫీసరు జేబు!

ఇంట్లో మగవాళ్ళ బట్టలు మామూలువి ఏవన్నా ఇవ్వమన్నాను. మొన్ననే అన్నీ ఇస్త్రీకి పోయాయట. అవ్వ అంగట్లోకి పోయి ఒక పట్టుపంచె, ఉత్తరీయం తెచ్చింది. అంచు నేతలో తప్పు పడిందని పక్కన పెట్టిన జత. "కట్టుకో నాయనా, మా ఇంట్లో పాత బట్ట వెతకడం కన్నా పట్టుబట్ట వెతకడమే సులభం" అంది. జరీ అంచు పంచె కట్టి, ఉత్తరీయం నడుముకు బిగించి నేను వంటింట్లోకి రాగానే, అప్పుడే దిగిన అక్క సంచి జారవిడిచి "అన్నా! ముహూర్తం ఎన్నింటికి?" అంది.

"మీ వదినకు చెప్పొద్దు" అన్నాను.

పాప ఒక పీట మీద నిలబడింది. ఆ రోజంతా ఆఫీసరు తనే. కొత్త గిన్నె, కొత్త గరిటె, కడిగిన బండ. మిషన్ ఒక మూల బరబరా తిరుగుతోంది, ఇంకో వైపు మగ్గాలు టకటకమంటున్నాయి. కాసేపటికి మిషన్ వేడెక్కి ఆగిపోయేది. అది చల్లారేవరకు అందరం దాని చుట్టూ కూర్చొని, ఉత్తరీయంతో దానికి విసిరేవాళ్ళం. క్లాసుకంతటికీ సరిపోయే పిండి ఆ చిట్టి మిషన్‌లో రావాలి మరి. అక్క ఉడకబెడుతుంటే నేను పిసికాను. చెమటకు తల దురద పెట్టింది.

"తాతా, తల గోక్కోవద్దు."

"తలలో గోధుమ లేదమ్మా."

"ఏముందో మీకు మాత్రం తెలుసా?"

అక్క గరిటె వదిలేసి నవ్వింది. సాయంత్రానికి పచ్చ, ఎరుపు, పసుపు, నీలం ముద్దలు వరసగా తయారయ్యాయి. నా పంచె అంచుకు నాలుగు రంగులూ అంటుకున్నాయి. ప్రతి రంగులోంచీ చిటికెడు తీసి తల్లి పరీక్ష చేసింది. ఒక గీత. ఇంకా ఆగింది. ఒక గీతే. అవ్వ కళ్ళద్దాలు తుడుచుకొని "ఒకటే కదా? సరిగ్గా చూడు" అని మూడుసార్లు అడిగింది. పాప పీట దిగి వచ్చి, పచ్చముద్దను చూపుడువేలితో నొక్కింది. సొట్ట పడింది. ఆ సొట్టను చాలాసేపు చూసి, "అవ్వా, మెత్తగుండాది" అంది.

మర్నాడు స్కూలుకు నేనూ పోయాను. డబ్బాలు మోయడానికని చెప్పాను గానీ, మోయడానికి ఆటో ఉంది. టీచరమ్మ మాట నిలబెట్టుకుంది. టిఫిన్ డబ్బాలన్నీ వరండాలో పెట్టించింది. బల్లలు తడిగుడ్డతో తుడిపించింది. పిల్లలందరి చేతులూ సబ్బుతో కడిగించింది. పాప క్లాసులోకి పోయి, అలవాటు కొద్దీ వాకిలి పక్కన ఆయమ్మ వైపు నడిచింది. ఆయమ్మే భుజం పట్టి తిప్పి, "ఈడ కాదు తల్లీ, ఆడ" అని బల్లల మధ్యకు తోసింది. అక్కడ లావుపాటి పిల్ల ఒకతె జరిగి చోటిచ్చింది.

నేను, పాప తల్లి కిటికీ బయట నిలబడ్డాం. పిల్లలు పిసుకుతున్నారు. పాప వంచిన తల ఎత్తడం లేదు. ఒకసారి మాత్రం మరిచిపోయి పచ్చటి వేలు నోట్లో పెట్టుకుంది. తల్లి చెయ్యి కిటికీ చువ్వను బిగించి పట్టుకోవడం చూశాను. పాప ముఖం చిట్లించి "థూ, ఉప్పు!" అంది. తల్లి చెయ్యి మెల్లగా వదులైంది.

కొద్దిసేపటికి లోపల నుంచి ఒక ఏడుపు, దాని మీద ఇంకో అరుపు. టీచరమ్మ బయటికొచ్చింది. ముఖం ఎర్రగా ఉంది.

"చూడండమ్మా మీ పాపను. పక్క పాప వినాయకుడి చెవి పీకేసింది. ఎందుకమ్మా అంటే, దానిది నాదానికంటే పెద్దదుండాది అంటాంది. ఎప్పుడూ ఒక మూల బుద్ధిగా కూర్చునేది కదా, ఇవాళ ఏమైంది? ఇట్లయితే వేరేగా కూర్చోబెట్టాల్సి వస్తుంది."

"తిట్టండి మేడమ్" అంది తల్లి. పెదవులు నవ్వుతున్నాయి. "బాగా తిట్టండి. వేరేగా మాత్రం వద్దు."

టీచరమ్మ ఆమెను ఒక్క క్షణం చూసి లోపలికి పోయింది. అప్పటికే లావుపాటి పిల్ల పగ తీర్చుకొని పాప వినాయకుడి తొండం ఊడబీకింది. చెవి ఒకరి చేతిలో, తొండం ఇంకొకరి చేతిలో. మిగిలిన ముద్దను ఇద్దరూ చెరోవైపు పట్టుకొని లాగుతున్నారు. మోచేతుల దాకా పచ్చరంగు.

"సార్, మా పాప ఒకటి ఏసినట్టుండాది ఆ పిల్లకు" అంది తల్లి కళ్ళు తుడుచుకుంటూ.

"రెండమ్మా" అన్నాను.

కిటికీ చువ్వల్లోంచి ఆ గొడవ చూస్తూ అట్లాగే నిలబడ్డాం. విడిపించమని చెప్పడానికి మా ఇద్దరిలో ఎవరికీ తొందర లేదు.